వాగును బాగుచేయదలచిన సరిహద్దు రైతుకు అంతర్జాల పటాలు

సంవత్సరంలో నాలుగు దినాలు పొంగి పారి, మిగిలిన కాలమంతా ఇసుకగా, సర్కారు తుమ్మ పొదగా పడియుండే వాగు సరిహద్దు ప్రాంతంలో దాదాపు ప్రతి ఊరికీ ఒకటి కలదు. దాని ఒడ్డున పొలమున్న రైతుకు రెండు విధాల బాధ. పొంగినప్పుడు గట్టు కోసుకొనిపోయి నేల నష్టమగును. ఎండినప్పుడు బావిలో నీరు అడుగంటును. వాగును బాగుచేయవలెనని సంకల్పించిన రైతుకు ధనం కంటె ముందుగా మూడు ప్రశ్నలు అడ్డు వచ్చును. వాగు అసలు దారి ఏది? అందులో తన నేల ఎంత, సర్కారు నేల ఎంత? పై నుండి ఎంత నీరు వచ్చును?

ఒక తరం క్రితం ఈ మూడింటికీ జవాబు తాలూకా కచేరీ చుట్టూ తిరిగితే గాని దొరికేది కాదు. నేడు అందులో అధిక భాగం సెల్‌ఫోనులో గాని, ఊరి నెట్ సెంటరులో గాని ఉచితంగా లభించుచున్నది. అయితే సరిహద్దు వాసులకు ఒక చిక్కు ప్రత్యేకంగా ఉన్నది. ఏ రాష్ట్రపు భూపటమైనను ఆ రాష్ట్రపు పొలిమేర దగ్గర ఆగిపోవును, వాగు ఆగదు.

పాలారును చూచిన ఈ సంగతి తెలియును. నంది కొండల ప్రాంతంలో పుట్టి కర్ణాటకలో 93 కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్‌లో 33 కిలోమీటర్లు, తమిళనాడులో 222 కిలోమీటర్లు పారి సముద్రంలో కలియును. ఉత్తర పినాకిని మరీ విచిత్రం. గౌరీబిదనూరు మీదుగా హిందూపురం ప్రాంతంలో ప్రవేశించి, మరల కర్ణాటకలోని పావగడ తాలూకాకు వెళ్లి, తిరిగి అనంతపురం సీమకు వచ్చును. పెద్ద నదులకే ఇట్టి గతి అయినప్పుడు, వాటిలో కలిసే పేరులేని వంకల మాట చెప్పనక్కరలేదు. ఒక వంకకు తల ఒక రాష్ట్రంలో, తోక మరొక రాష్ట్రంలో ఉండుట సాధారణం. అందువలన రైతు రెండు రాష్ట్రాల పటాలను తెచ్చి తానే అతుకు వేసుకొనవలసి ఉన్నది.

మొదట పై నుండి చూచుట

సరిహద్దు గీతతో నిమిత్తం లేకుండా వాగు మొత్తాన్ని చూపే పటాలు మూడు కలవు. మొదటిది ఇస్రో వారి ‘భువన్’. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం 2009 ఆగస్టులో దీనిని ప్రారంభించినది. ఇందులో మన దేశపు ఉపగ్రహాలు తీసిన చిత్రాలతో పాటు వాగులు, నేల వాడకం, బంజర్లు మొదలైన పటాలను ఒకదానిపై ఒకటి పరచి చూడవచ్చును. ఉపాధి పనుల ప్రణాళిక కొరకు 2021లో ఇదే వేదికపై ‘యుక్తధార’ అను పోర్టల్‌ను చేర్చినారు. రెండవది భారత సర్వేక్షణ శాఖ వారి 1:50,000 స్కేలు పటం. అందులో ఒక సెంటీమీటరు అరకిలోమీటరుతో సమానం. 2017 నుండి ఈ పటాలను పేరు నమోదు చేసుకొన్న పౌరులకు ఉచితంగా ఇచ్చుచున్నారు. ఎత్తు సమానంగా ఉన్న స్థలాలను కలిపే గీతలు వీటిలో ఉండును గనుక నీరు ఎటు పల్లమో పోల్చుకొనవచ్చును. మూడవది గూగుల్ ఎర్త్.

రైతుకు మిక్కిలి ఉపయోగపడునది గూగుల్ ఎర్త్‌లోని పాత చిత్రాల సదుపాయం. ఒకే స్థలాన్ని వెనుకటి సంవత్సరాలలో తీసిన ఉపగ్రహ చిత్రాలలో వరుసగా చూడవచ్చును. చాలా గ్రామాలకు పదిహేను సంవత్సరాల నాటి చిత్రాలు దొరకును. వాగు ఏ సంవత్సరంలో ఎంత వెడల్పున్నది, ఎప్పుడు ఒక ఒడ్డు లోపలికి జరిగినది, ఎక్కడ ఇసుక తవ్విన గుంటలు పడినవి అన్నది వాటిలో కనబడును. వేసవి చిత్రంతో వేసవి చిత్రాన్నే పోల్చవలెను. వానలు పడిన వెంటనే తీసిన చిత్రంలో పచ్చదనం ఒడ్డును కప్పివేయును గనుక వెడల్పు తప్పుగా కనబడును. మూడు నాలుగు మీటర్ల కంటె సన్నని వంకలు తుమ్మ పొదల క్రింద అసలే కనబడవు. అక్కడ కాలినడక తప్ప వేరు మార్గం లేదు.

రికార్డులో వాగుకు పేరేమి?

అసలు తగవులన్నీ ఇక్కడ పుట్టుచున్నవి. ఇంట మాట్లాడేది తెలుగు, పహాణీ ఉన్నది కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో. తాత కాలం నుండి ‘వంక’ అని పిలుచుకొన్న దానిని రికార్డు వేరొక పేరుతో పిలుచును. కన్నడ పటాలలో ‘హళ్ళ’ అని, తమిళంలో ‘ఓడై’ అని, మరాఠీలో ‘ఓఢా’ లేక ‘నాలా’ అని, ఒడియాలో ‘నాళ’ అని ఉండును. శ్రీకాకుళం వైపు తెలుగువారు అదే దానిని ‘గెడ్డ’ అందురు. చెరువు నిండి నీరు పొర్లిపోవు చోటును రాయలసీమలో ‘మరవ’ అని, తెలంగాణలో ‘అలుగు’, ‘మత్తడి’ అని అందురు. కన్నడంలో అది ‘కోడి’. చదువవలసిన పదాలు పట్టుమని పది లేవు. బడికి పోవు పిల్లవాడు ఆ లిపిని చదివి చెప్పగలడు. పెద్దలు వాని ప్రక్కన కూర్చొని, పటంలోని ఏ గీత ఏ వంకయో చెప్పిన యెడల రెండు తరాల తెలివి ఒక చోట చేరును. సెల్‌ఫోను కెమెరాతో అనువదించే సదుపాయం కూడ ఉన్నది కాని, అది రెవెన్యూ పదాలను తరచు పొరపాటుగా మార్చుచున్నది. దానిని నమ్మి సంతకం చేయరాదు.

కర్ణాటకలో ‘భూమి’ అను వెబ్‌సైటులో పహాణీని చూడవచ్చును. అందులోని విస్తీర్ణం గడిలో ‘ఖరాబు’ అను రెండు అంకెలు ఉండును. ‘అ’ ఖరాబు అనగా సాగుకు పనికిరాని రాయి, గుట్ట వంటిది. అది పట్టాదారు స్వాధీనంలోనిదే. ‘బ’ ఖరాబు అనగా దారి, హళ్ళ, కాలువ వంటి ప్రజోపయోగపు నేల. అది పట్టాదారు సర్వే నంబరు లోపలనే ఉన్నను ఆతనిది కాదు. సరిహద్దులోని చాలా కుటుంబాలు ఈ భేదం తెలియక, తమ నంబరులో చూపిన నేల అంతా తమదేనని వాగును దున్నుకొన్నవి. కర్ణాటక భూకందాయ చట్టం, 1964లోని 67వ సెక్షను వాగుల, హళ్ళాల గర్భాలను స్పష్టంగా ప్రభుత్వ ఆస్తిగా పేర్కొన్నది. మహారాష్ట్ర భూ రెవెన్యూ స్మృతి, 1966లోని 20వ సెక్షను కూడ అదే చెప్పును. ఆ రాష్ట్రపు సాత్‌బారా ఉతారాలో ‘పోట్ ఖరాబా’ అన్న గడి కర్ణాటక ఖరాబుకు తోబుట్టువే. గ్రామ పటాలు ‘మహాభూనక్షా’లో లభించును.

కర్ణాటక సర్వే శాఖ వెబ్‌సైటులో గ్రామాల నక్షలు పి.డి.ఎఫ్. రూపంలో ఉన్నవి. ‘దిశాంక్’ అను యాప్ అయితే రైతు నిలుచున్న చోటి సర్వే నంబరును చూపును. ఇది బహు సుఖమైన సాధనం. కాని ఫోను చూపే స్థానంలో అయిదు పది మీటర్ల తేడా ఉండవచ్చును. పది మీటర్లనగా సన్నని వంక మొత్తం ఒక గట్టు నుండి ఇంకొక గట్టుకు మారిపోవును. అందువలన ఇది ఏ నంబరులో ఉన్నామో తెలిసికొనుటకే గాని గట్టు రాయి పాతుటకు కాదు.

తమిళనాడులో ఈ-సర్వీసుల వెబ్‌సైటు నుండి పట్టా, ‘అ’ రిజిస్టరు, పొలం కొలతల పటం తీసికొనవచ్చును. ‘అ’ రిజిస్టరులో ఆ నేల రైయత్వారీయో, పోరంబోకో, పోరంబోకు అయినచో ఓడై పోరంబోకా, ఏరి పోరంబోకా అన్నది తెలియును. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో వచ్చిన ‘మీభూమి’లో అడంగలు, 1-బి, గ్రామ పటం కలవు, అక్కడ చూడవలసిన మాట ‘వాగు పోరంబోకు’. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తి అయిన ఆంధ్ర గ్రామాలలో పాత సర్వే నంబర్ల స్థానే కొత్త ఎల్.పి. నంబర్లు వచ్చినవి గనుక, పాత దస్తావేజును కొత్త పటంతో పోల్చునప్పుడు రెండు నంబర్లనూ వ్రాసి ఉంచుకొనవలెను. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుండి ధరణి స్థానే ‘భూభారతి’ నడచుచున్నది. ఒడిశాలో ‘భూలేఖ్’లోని ఖతియానులో ‘కిసమ్’ అను గడిని చూడవలెను; నేల జాతి అందులో ఉండును. యానాం మాట వేరు. అది గోదావరి డెల్టాలోని చదునైన నేల గనుక, అక్కడి సమస్య కొండవాగులది కాక మురుగు కాలువలది.

రెండు రాష్ట్రాల కాగితాలు ఎదుట పెట్టుకొన్నప్పుడు కొలతలు కలియవు. కర్ణాటకలో ఎకరాలు, గుంటలు. ఆంధ్రలో ఎకరాలు, సెంట్లు. తమిళనాడు, మహారాష్ట్రలలో హెక్టార్లు, ఆర్లు. ఒడిశాలో ఎకరాలు, డెసిమళ్లు. నలుబది గుంటలు ఒక ఎకరం, నూరు సెంట్లు ఒక ఎకరం. కనుక గుంటకు రెండున్నర సెంట్లు. డెసిమల్ అనగా సెంటే. హెక్టారు రమారమి 2.47 ఎకరాలు, అందులో నూరవ వంతు ఆరు. గుంటను సెంటుగా భ్రమపడి వాగు గర్భాన్ని సగానికంటె తక్కువగా లెక్క వేసికొన్నవారు లేకపోలేదు.

ఎంత నీరు వచ్చును?

దారి తెలిసినది, హక్కు తెలిసినది. ఇక నీటి లెక్క. చెక్‌డ్యాములు కొట్టుకొనిపోవుటకు సిమెంటు కల్తీయే కారణమని ఊరిలో అందురు. పలుమారులు ఈ లెక్క వేయకపోవుటయే కారణమని చెప్పవలెను.

వాగులో ఒక చోట నిలిచి, ఆ చోటికి ఏయే గుట్టల నుండి, చేల నుండి నీరు చేరునో ఆ ప్రాంతాన్ని పరీవాహకం అందురు. గూగుల్ ఎర్త్‌లో ఆ మిట్టల వెంబడి చుట్టూ గీత గీచిన యెడల విస్తీర్ణాన్ని యంత్రమే చెప్పును. మిట్ట ఎక్కడ ఉన్నదో సర్వేక్షణ శాఖ పటంలోని ఎత్తు గీతలు చూపును. సరిహద్దు ఆవలి గుట్టను విడువరాదు. ఆవలి నీరు కూడ ఈవలికే వచ్చును గదా.

ఒక ఉదాహరణ తీసికొందము. పరీవాహకం 40 హెక్టార్లు. గంటకు 60 మిల్లీమీటర్ల జోరున వాన కురిసినది. ఎర్రనేల చేలు గనుక పడిన వానలో పది పాళ్లకు మూడు పాళ్లు వాగులోకి దిగుననుకొందము. అనగా గుణాంకం 0.3. రాతి గుట్టలైనచో 0.5 గాని అంతకంటె ఎక్కువ గాని తీసికొనవలెను. విస్తీర్ణాన్ని వాన జోరుతో, గుణాంకంతో హెచ్చవేసి 360తో భాగించవలెను. 40ని 60తో హెచ్చవేయగా 2,400, 0.3తో హెచ్చవేయగా 720. 360తో భాగించగా 2. అనగా సెకనుకు రెండు ఘనమీటర్ల నీరు. ఇంజనీర్లు చిన్న పరీవాహకాలకు వాడు సూత్రం ఇదే. బడిలో ఏడవ తరగతి లెక్క వచ్చినవారు చేసికొనగలరు.

నీరు సెకనుకు ఒక మీటరు వేగంతో పారుననుకొన్న యెడల, రెండు చదరపు మీటర్ల అడ్డుకోత ఉన్న వాగు కావలెను. అడుగు 2 మీటర్లు, లోతు 0.8 మీటరు, ప్రక్కలు వాలుగా పైన 3.6 మీటర్ల వెడల్పు ఉన్నచో 2.24 చదరపు మీటర్లు వచ్చును, సరిపోవును. కాని రెండు ప్రక్కల రైతులు చెరి కొంత కలుపుకొని, మీటరు వెడల్పు, 0.6 మీటరు లోతు మాత్రమే మిగిల్చిన చోట 0.6 చదరపు మీటరు ఉండును. రావలసిన నీటిలో మూడవ వంతు కూడ పట్టదు. మిగిలినది చేల మీద పడవలసినదే. కలుపుకొన్న నేలకు వాగు తీసికొను వడ్డీ ఇంతే.

వానల లెక్కకు కర్ణాటకలో గ్రామ పంచాయతీ స్థాయి వరకు వానమాపకాలు ఉన్నవి. రాష్ట్ర విపత్తుల పర్యవేక్షణ కేంద్రం ఆ అంకెలను ప్రకటించును. రోజంతటి వానను గంట జోరుగా భావించరాదు. వాగును పొంగించునది గంట వానయే.

తిన్నగా తవ్వుట వలని చేటు

జె.సి.బి. అద్దెకు దొరకినది మొదలు వంకర వాగును తిన్నగా తవ్వు వాడుక ప్రబలినది. పొలం చతురంగా అగునన్న ఆశ. ఆరువందల మీటర్ల వంకర దారిలో ఆరు మీటర్లు దిగే వాగుకు వాలు నూటికి ఒకటి. దానిని నాలుగువందల మీటర్లకు తిన్నగా చేసిన యెడల దిగుడు అదే ఆరు మీటర్లు గనుక వాలు నూటికి ఒకటిన్నర అగును. నీటికి వేగం పెరిగి అడుగు కోసుకొనిపోవును. అడుగు దిగిన కొద్దీ ఒడ్డు కూలును, చుట్టు బావుల నీరు వాగులోకి ఊరి దిగిపోవును. క్రింది రైతుకు ఇసుక మేట అదనం. గూగుల్ ఎర్త్‌లో వాగు వెంబడి గీత గీచి, కంప్యూటరు మీద ఎత్తుల నడకను చూపుమన్న యెడల ఈ వాలు కనబడును. ఇందలి ఎత్తులలో కొన్ని మీటర్ల తేడా ఉండును గనుక వందల మీటర్ల నిడివికి గాని నమ్మరాదు. అడ్డుకట్ట వేయు చోట పారదర్శకమైన సన్నని గొట్టంలో నీరు నింపి మట్టం చూచు మేస్త్రీ పద్ధతియే నిక్కమైనది.

ఎగువ సన్నని వంకలలో రాళ్ల అడ్డుకట్టలు వేయునప్పుడు క్రింది కట్ట తల, పై కట్ట పాదానికి సమ మట్టంగా ఉండవలెను. ఎత్తును వాలుతో భాగించిన దూరం వచ్చును. మీటరు ఎత్తు, నూటికి రెండు వాలు అయినచో ఏబది మీటర్లకు ఒకటి. కట్ట నడుమ భాగం తక్కువగా, ప్రక్కలు ఒడ్డులోకి చొప్పించి ఉండవలెను. లేనిచో నీరు ప్రక్క దారి చేసికొనును. నీరు నేలలో ఇంకు చోటేదో, నిలువచేయదగిన చోటేదో సూచించుటకు ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అను సంస్థ ‘క్లార్ట్’ అను యాప్‌ను రూపొందించినది. అది నేల వాలును, అడుగు రాతి జాతిని కలిపి చూచి చోట్లను రంగులతో చూపును. చెక్‌డ్యాముకు చోటు వెదకువారికి అది మంచి తొలిచూపు.

ఒడ్డు మీది తుమ్మనంతా ఒకేసారి పెకలించుట కూడ మంచిది కాదు. వేళ్లు పోయిన ఒడ్డు మొదటి పొంగుకే జారును. ఒక్కొక్క తునక తీసి, నీటి అంచున రెల్లు, వావిలి, వాటి పైన కానుగ, నేరేడు, ఏరుమద్ది నాటుకొనుచు పోవలెను.

అనుమతి, పొరుగు

తన పట్టా నేలలో గట్లు వేయుటకు, ఇంకుడు గుంతలు తవ్వుటకు, చెట్లు నాటుటకు రైతుకు స్వేచ్ఛ కలదు. వాగు గర్భం అట్లు కాదు. అక్కడ పూడిక తీయుటకైనను, కట్ట వేయుటకైనను పంచాయతీ ద్వారా సంబంధిత శాఖ అనుమతి కావలెను. గ్రామ ఉమ్మడి భూములను ఆక్రమణల నుండి విడిపించుటకు పథకాలు సిద్ధపరచవలెనని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలను ఆదేశించినది. వాగును కలుపుకొని పంట వేసినవారు ఈ సంగతి ఎరిగి ఉండుట మేలు.

అంతర్జాలం నుండి తీసిన పటం కచేరీలో సాక్ష్యం కాదు. తగవు ఉన్నచో ధ్రువీకరించిన నకలు తీసికొని కొలతకు దరఖాస్తు చేయవలెను. దానిని కర్ణాటకలో హద్దుబస్తు అని, ఆంధ్రలో ఎఫ్-లైన్ అని, మహారాష్ట్రలో మోజణీ అని అందురు. ముందుగా ఇంట పటం చూచుకొన్న రైతు సర్వేయరు వచ్చినప్పుడు ఏ రాయి నుండి ఏ రాయికి కొలవవలెనో అడుగగలడు. ఆ మేరకు చేతి ఖర్చు, తిరుగుడు తగ్గును.

పొలిమేర దగ్గర కట్టే కట్ట విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు 1892లో చేసికొన్న ఒడంబడిక పెన్న, చిత్రావతి, పాపఘ్ని, వేదవతి, పాలారు మొదలైన నదులపై ఎగువన కొత్త జలాశయాలకు దిగువ వారి సమ్మతి కావలెనన్నది. ఇది ఊరి రాళ్ల కట్ట గురించి వ్రాసినది కాదు. అయినను 2016లో కుప్పం ప్రాంతంలో పాలారుపై ఒక చెక్‌డ్యాము ఎత్తు పెంచినందుకు తమిళనాడు అభ్యంతరపడి సుప్రీంకోర్టుకు వెళ్లినది. కావున పని మొదలు పెట్టుటకు ముందే దిగువ ఊరి పంచాయతీకి పటం చూపి, వారి రైతులను ఒకసారి వాగు వెంబడి నడిపించి తెచ్చుట మంచిది. సరిహద్దు ఊళ్లలో దిగువ రైతు తరచు వియ్యంకుడో, మేనమామో అగును. కచేరీ కంటె ముందు ఆ వరుస పనికి వచ్చును.

పని జరుగుచుండగా ఒకే చోట నిలిచి, ఒకే దిక్కుకు, వానలకు ముందొకటి, వెనుకొకటి ఫోటో తీసి తేదీ వ్రాసి ఉంచవలెను. వాగు గర్భంలో కొలత గీతలు వేసిన రాయి ఒకటి పాతి, వేసవిలో దగ్గరి బావి నీటిమట్టాన్ని మాసానికొకసారి అదే పుస్తకంలో వ్రాసిన యెడల, మూడు సంవత్సరాల తరువాత ఆ ఋతువులోనే తీసిన కొత్త ఉపగ్రహ చిత్రంతో సరిపోల్చుకొనుటకు వీలుండును.